గోడమీది పద్యం, ముద్రిత ప్రతి: విద్యార్థి పరిశోధనలో విమర్శ ఆధారాల విశ్వసనీయత

1. ప్రవేశిక

తెలంగాణ డిగ్రీ కళాశాలల విద్యార్థులు ‘జిజ్ఞాస’ పోటీల కోసం సిద్ధం చేసే అధ్యయన పత్రాలలో జిల్లా సాహిత్యానికి ఎప్పుడూ చోటుంటుంది. మాక్లూర్, ఆర్మూర్ ప్రాంతాల విద్యార్థికి ఈ అంశం సాధారణంగా దాశరథి కృష్ణమాచార్యతోనే మొదలవుతుంది. నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి నిజామాబాద్ ఖిల్లా జైలులో ఖైదీలుగా ఉన్నారు. దాశరథి అక్కడి గోడమీద బొగ్గుతో పద్యం రాశారన్నది జిల్లాలో చదువుకున్న ప్రతివారికీ తెలిసిన సంగతి. ఆ జైలు మాక్లూరుకు ఒక బస్సు ప్రయాణమంత దూరం.

అందరికీ తెలిసిన సంగతి కావడమే ఇక్కడ చిక్కు. విద్యార్థి ఫోనులో వెతికితే ఒకే పేరా పది చోట్ల కనిపిస్తుంది. పదిమంది చెప్పారు కాబట్టి నిజమే అనుకుంటాడు. నిజానికి ఆ పదీ ఒకదాని నుంచి మరొకటి ఎత్తి రాసుకున్నవి. సాక్షి ఒక్కడే, అతనెవరో కూడా ఆ పేరాలో ఉండదు. ఈ మధ్య కృత్రిమ మేధ యాప్‌లు లేని పుస్తకాలకు సైతం పుటసంఖ్యలు చెబుతున్నాయి. ఇటువంటి ఆధారాలను ఎలా తూచాలో ఆ జైలు పద్యాన్నే ఉదాహరణగా తీసుకొని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. రత్నాలా, రతనాలా?

తెలంగాణను వీణతో పోల్చిన ఆ పద్యంలో చివరి పాదం మాత్రమే నేడు ప్రచారంలో ఉంది. అది సభావేదికల మీద, బ్యానర్ల మీద, పాఠ్యపుస్తకాల అట్టలమీద కీర్తివాక్యంగా నిలిచింది. కాని మొదటి మూడు పాదాలు నిజామును ఎదురుగా నిలబెట్టి చేసిన నిందారోపణ. వీణ తీగలు తెంపిన నేరం అందులో ఉంది. చివరి పాదాన్ని విడదీసి చదివిన విద్యార్థి దాశరథిని ప్రకృతివర్ణన చేసే దేశభక్తి కవిగా నిర్ధారిస్తాడు. మొత్తం పద్యం చదివినవాడు ఆ ప్రశంసను ఫిర్యాదులో భాగంగా గుర్తిస్తాడు. కాబట్టి పద్యపాఠం పూర్తిగా చూడకుండా చేసిన విమర్శ ఎంత పెద్ద పేరుతో వచ్చినా ఈ ప్రశ్నకు ఆధారం కాజాలదు.

పాఠం విషయంలో మరొక సూక్ష్మం ఉంది. ప్రచారంలో ఎక్కువగా వినిపించేది ‘రతనాల’ అనే రూపం. పద్యం తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉండాలి; నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. ‘రతనాల’ అని చదివితే మూడో గణంలో గురువు తర్వాత మూడు లఘువులు వస్తాయి. ఆరు ఇంద్రగణాలలో అటువంటిది లేదు. దాన్ని భగణంతో ఆపితే తరువాతి గణం జగణమవుతుంది, అది సూర్యగణం కాదు. ‘రత్నాల’ అని చదివితే మూడోది రగణం, తరువాత రెండు హగణాలు. యతి ‘త్నా’ మీద పడి పాదాదిలోని ‘నా’తో చక్కగా కుదురుతుంది. ఛందస్సు ‘రత్నాల’ పక్షానే ఉంది. గ్రంథాలయం అందుబాటులో లేని డిగ్రీ విద్యార్థి సైతం కాగితం, కలంతో చేయగల పరీక్ష ఇది. ఆ తరువాత 1949 నాటి ‘అగ్నిధార’, 1950 నాటి ‘రుద్రవీణ’ ముద్రిత ప్రతుల దగ్గరికి వెళ్లడం అతని పని. జాలంలో ఒకే మాట వెయ్యిసార్లు కనిపించినా గణవిభజన ముందు అది ఒక్క ఓటు కూడా కాదు.

3. ఏ ప్రశ్నకు ఏ ఆధారం?

ఆధారానికి విశ్వసనీయత ప్రశ్ననుబట్టి వస్తుంది. జైలు జీవితాన్ని గురించి దాశరథి ఆత్మకథ ‘యాత్రాస్మృతి’ ప్రత్యక్ష సాక్ష్యమే, అయినా అది తరువాతి కాలపు జ్ఞాపకం. తేదీల కోసం ఆనాటి పత్రికలతో సరిచూసుకోవాలి. ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ తోటి ఖైదీ రాసినదే, కాని కథల సంపుటి. ఖైదీల మనఃస్థితికి అది గొప్ప ఆధారం, సంఘటనల క్రమానికి కాదు. ‘అగ్నిధార’ ఆళ్వారుస్వామికే అంకితమైందన్న విషయం చెప్పి ఈ రెండు రచనలను పక్కపక్కన చదివించిన అధ్యాపకుడు ఒక పత్రానికి సరిపడా ప్రశ్న ఇచ్చినట్లే.

తెలుగు విమర్శలో చాలా భాగం పీఠికలుగా, అభినందన సంచికల వ్యాసాలుగా వచ్చింది. పీఠిక రాసినవాడు సాధారణంగా కవి కోరిక మేరకే రాస్తాడు. అందులో సమాచారం తీసుకోవచ్చు, తీర్పును మాత్రం మరొకరి తీర్పుతో పోల్చకుండా ఉటంకించకూడదు. శోధగంగలోని సిద్ధాంతగ్రంథాలదీ ఇదే సంగతి. అక్కడ ఉండటం పట్టా వచ్చిందని చెబుతుందే గాని, ప్రతి వాక్యమూ సరిచూశారని చెప్పదు. వాటి ఉపయుక్త గ్రంథసూచికలే విద్యార్థికి అసలు నిధి.

పత్రికల విషయంలో మనం ఇన్నాళ్లూ యూజీసీ కేర్ జాబితాను చూపించి తప్పించుకున్నాం. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాను యూజీసీ నిలిపివేసింది. నాకు ఇది విచారించవలసిన విషయంగా తోచదు. నిజామాబాద్ యార్డులో పసుపు కొనేవారు కొమ్ము విరిచి రంగు చూస్తారు, సంచిమీది ముద్రను కాదు. వ్యాసం మూలాన్ని చూసిందా, పుటసంఖ్య ఇచ్చిందా, తన వాదానికి వ్యతిరేకమైన అభిప్రాయాన్ని ప్రస్తావించిందా అన్న మూడు సంగతులు విద్యార్థి తానే చూడగలడు.

4. దూరం, అందుబాటు

తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించి జవాబిచ్చారు. ఆనాటి లోటు ఆధారాలు ఒకచోట లేకపోవడం. నేడు ఆధారాలు ఉన్నాయి, వాటిపైన ఎవరు రాశారో తెలియని పేరాలు కమ్ముకున్నాయి. ‘భారతి’ పాత సంచికలను ప్రెస్ అకాడమీ అంకీకరించింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రతులు అనేకం ఆర్కైవ్ సంస్థ నిల్వలో దొరుకుతున్నాయి. హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అసలు సంపుటాలే చూడవచ్చు. డిచ్‌పల్లి తెలంగాణ విశ్వవిద్యాలయం మన విద్యార్థులకు వీటన్నిటికంటే దగ్గర.

పత్రం స్వీకరించేటప్పుడు ఉటంకించిన ప్రతి పద్యానికీ, ప్రతి అభిప్రాయానికీ అది తీసుకున్న ముద్రణ వివరాల పుట ఛాయాచిత్రాన్ని జతచేయమని అడగవచ్చు. ఫోను విద్యార్థి చేతిలోనే ఉంది. అప్పుడు ‘రతనాల’ అని రాసిన విద్యార్థి ఏ ప్రతిని చూశాడో మనకూ తెలుస్తుంది, అతనికీ తెలుస్తుంది.