స్ట్రెచర్ వెనకున్నోడు

తెలుగు కథల్లో, నవలల్లో, సినిమాల్లో ఆసుపత్రికేం కొదవ లేదు. జబ్బుపడ్డ కథానాయిక మంచం మీద ఉంటుంది. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. నర్సు గ్లూకోజు సీసా సరిచేస్తుంది. బంధువులు వరండాలో ఏడుస్తుంటారు. మరి ఆ మంచం మీది మనిషి అక్కడికెట్టా వచ్చింది? నడిచైతే రాలేదు గదా. ఎవడో రిక్షాలోంచి దించాడు, స్ట్రెచర్ మీద పడుకోబెట్టాడు, ర్యాంపు ఎక్కించాడు, మంచం మీదికి మార్చాడు. నేను చదివినంతలో ఆ ఎవడోకి దక్కేది ఒకే ఒక్క వాక్యం. వార్డుబాయ్ స్ట్రెచర్ తోసుకెళ్ళాడు. అంతే. తర్వాతి వాక్యంలో వాడుండడు.

ఆ వాక్యంలోంచి బయటికెళ్ళిపోయినోడు మా నాయన. అందుకని ఇది విమర్శో మా ఇంటి గోలో నాకే సరిగా తెలీదు. రెండూ అనుకోండి.

మాది రేపల్లె దగ్గర మాలపల్లె. కృష్ణ అవతల దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మా నాయన కూలికెళ్ళి శవాలెత్తాడు. మనుషులవీ, గొడ్లవీ. ముక్కుకి గుడ్డ, చేతులకి కిరసనాయిలు. తిరిగొచ్చాక కొన్నాళ్ళు మా అమ్మే ఆయన పక్కన కూచోడానికి జంకింది. ఆ తర్వాత ఒక పెద్దమనిషి "చచ్చినోళ్ళనే ఎత్తావు, బతికున్నోళ్ళని ఎత్తలేవా" అని ఒక ఆసుపత్రిలో రోజుకూలీ కింద పెట్టించాడు. రేపల్లె, తెనాలి, బాపట్ల - ముప్పయ్యేళ్ళకి పైగా మా బతుకు ఈ మూడూళ్ళ మధ్యే తిరిగింది. రేపల్లె పాసింజరెక్కి తెనాల్లో దిగడం, బాపట్ల బండి మారడం. ఏ ఆసుపత్రో చెప్పను. చెబితే ఇదొక ఆసుపత్రి మీద పితూరీ అవుద్ది. నా పితూరీ సాహిత్యం మీద.

సర్కారు కాగితాల్లో ఈ పనికి ఎం.ఎన్.ఓ. అని పేరు. మేల్ నర్సింగ్ ఆర్డర్లీ. ఆడమనిషైతే ఎఫ్.ఎన్.ఓ. కాగితం మీద నర్సింగ్ అన్న మాటుంది. వార్డులో ఆ మాట ఎవరూ పలకరు. వార్డుబాయ్ అంటారు. యాభయ్యేళ్ళొచ్చినా బాయే. మా నాయన దగ్గర పిలుపుల లెక్క ఒకటుండేది. గేటు దగ్గర దింపేటప్పుడు "బాబూ, నాయనా". ఆపరేషన్ గదికి తోసేటప్పుడు "నువ్వే దేవుడివయ్యా". కుట్లు విప్పిన రోజు "ఏమయ్యా". ఇంటికెళ్ళే రోజు "ఒరే, ఆ సంచి రిక్షాలో పెట్టు". ఒంట్లో బాగుపడేకొద్దీ వాళ్ళ కులం గూడా బాగుపడుద్దిరా అనేవాడు. కులం గురించి నేను చదివిన పుస్తకాల్లో చాలావాటికన్నా ఈ ముక్కలో ఎక్కువుందని నాకనిపిస్తుంది.

ఎందుకంటే, ఆసుపత్రిలో కులం లేదనేది మన అభ్యుదయ రచయితలకి బాగా ఇష్టమైన మాట. రక్తానికి కులం లేదు, నొప్పికి కులం లేదు, చావుకి కులం లేదు. వినడానికి బాగానే ఉంటది. రక్తానికి లేదు సరే, ఆ రక్తం నేల మీద పడితే తుడిచేవాడికుందా లేదా? అది అడగరు. ఊళ్ళో మా నీడ పడకూడదన్న ఇంటి పెద్దావిడని మా నాయన చంకల కింద చేతులేసి ఎత్తాడు. ఆమె ఉచ్చ గిన్నె పట్టాడు. ఆవిడ ఏమీ అనలేదు. అంటరానితనం పోయిందనా? కాదు. ఆ పూట ఆవిడ వొళ్ళు ఆవిడ చెప్పిన మాట వినట్లేదు గనక. కదల్లేని వొంటికి మా చేతులు పనికొస్తాయి. కదిలే వొంటికి మా కాలి వేలు తగిలినా నేరమే.

ఇది ఊహించి రాస్తున్న మాట కాదు. తెనాలికీ బాపట్లకీ మధ్య రైలు దారిలోనే చుండూరుంది. అక్కడ గొడవ ఎట్టా మొదలైందో అందరికీ తెలిసిందే. సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో కూచున్న అగ్రకుల కుర్రాడికి తగిలింది. ఆ తాకిడి పెరిగి పెరిగి 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వేటాడి నరికి, గోతాల్లో కుక్కి, డ్రెయిన్లో, కాలవలో పడేసేదాకా వచ్చింది. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. దాని మీద కేసు సుప్రీంకోర్టుకెళ్ళింది. చుండూరు మీద మన కవులు రాసిందంతా మనకి తెలుసు, రాయాల్సిందే రాశారు. నేను అడిగేది వేరే. నీళ్ళలో నానిన ఆ గోతాల్ని ఎవరో విప్పారు. ఎవరో ఆ శవాల్ని ఎత్తి బల్ల మీద పెట్టారు. ఆ చేతులెవరివి? నేను చదివిన నివేదికల్లో పోలీసులున్నారు, డాక్టర్లున్నారు, మంత్రులున్నారు. ఆ చేతులు లేవు. మనోళ్ళ శవాల్ని మనోళ్ళే ఎత్తి ఉంటే ఆ మనిషి ఆ రాత్రి ఇంటికెళ్ళి ఏం తిన్నాడు? ఏ కవితలోనూ నాకీ ప్రశ్న ఎదురుపడలేదు. నేనూ రాయలా.

శవాల గది గురించి ఇంకో ముక్క. పోస్టుమార్టం డాక్టరు చేశాడని పేపర్లో రాస్తారు. మా నాయన చూసిన కాడల్లా డాక్టరు ముక్కుకి గుడ్డ కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి చెప్పేవాడు. కోసేది, పుర్రె తెరిచేది, మళ్ళీ కుట్టేది తోటీనో, ఇట్టాటి ఆర్డర్లీనో. ఆ గదిలోకి పోయేముందు ఒక క్వార్టర్ తాగాల్సిందే. రిపోర్టు మీద సంతకం డాక్టరుది. కోసినోడి వాసన కోసినోడిది.

సాహిత్యానికొద్దాం. డాక్టర్లు రచయితలైన భాష మనది. కొమ్మూరి వేణుగోపాలరావు 'హౌస్ సర్జన్' రాశారు. మా తరం కుర్రాళ్ళం దాన్ని అట్టలూడేదాకా చదివాం. పేరు చెప్పినట్టే అది హౌస్ సర్జన్ చూపు. ఆసుపత్రి మొత్తం ఆ చూపు ఎత్తులోంచి కనపడుద్ది. స్ట్రెచర్ తోసేవాడి చూపు ఎత్తు వేరు. వాడికి పేషెంటు ముఖం తలకిందులుగా కనపడుద్ది, తల దగ్గర నిలబడి తోస్తాడు గనక. డాక్టర్ కేశవరెడ్డి ఇంకో రకం మనిషి. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఎవరూ ముట్టని వొళ్ళని ముట్టారు. 'అతడు అడవిని జయించాడు'లో పందులు కాచే ముసలోణ్ణి తెచ్చి తెలుగు నవల మధ్యలో నిలబెట్టారు. ఆయన మీద నాకు గౌరవం. కానీ ముట్టుకున్నందుకు డాక్టరుకొచ్చే గౌరవం, ముట్టుకున్నందుకు ఆర్డర్లీకొచ్చే మైల, ఈ రెండూ ఒకే వార్డులో ఒకే రోగి దగ్గర పుడతాయి. ఒకే చర్మాన్ని తాకిన రెండు చేతుల్లో ఒకటి త్యాగం ఎందుకైంది, ఒకటి కులవృత్తి ఎందుకైంది? ఆ సంగతి డాక్టరు కుర్చీలోంచి కనపడదు.

తెనాలి అనగానే శారద గుర్తొస్తాడు. అసలు పేరు నటరాజన్, తమిళుడు. తెనాలి హోటళ్ళలో సర్వరు పనిచేస్తూ తెలుగు నేర్చుకుని 'మంచీ చెడూ', 'అపస్వరాలు' లాంటి నవలలు రాసి 1955లో ముప్పయ్యేళ్ళకే మూర్ఛ రోగంతో పోయాడు. ఎంగిలి కప్పులు తీసిన చెయ్యే కలం పట్టింది గనక తెనాలి హోటలు లోపలెట్టా ఉంటదో మనకి తెలిసింది. మరి తెనాలి ఆసుపత్రి లోపల పనిచేసేవాడికి ఒక శారద ఎందుకు లేడు? ఆలోచిస్తే ఇందులో గూడా కులముంది. హోటలు పని తినే సరుకు ముట్టుకునే పని. ఆ రోజుల్లో అది మాలోడికి, మాదిగోడికి, రెల్లోడికి ఎవడిస్తాడు? మాకు దొరికింది నెత్తురు, చీము, శవం ముట్టుకునే పని. మధ్యలో మిషనరీలొచ్చారు. గుంటూరుకి 1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికా లూథరన్ డాక్టరమ్మొచ్చింది. బాపట్లలో రక్షణ సైన్యం వాళ్ళు కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. ఆ దారిన మా పల్లెల ఆడపిల్లలు నర్సులయ్యారు. చాలాకాలం నర్సంటే కిరస్తానీ పిల్లేనని లోకం అనుకుంది, పై కులాలోళ్ళు ఆ పనికి ముక్కు మూసుకున్నారు గనక. నర్సుకి తెల్ల గౌనొచ్చింది, చదువొచ్చింది, కొంత మర్యాదొచ్చింది. స్ట్రెచర్ తోసేవాడికి ఖాకీ నిక్కరు మాత్రం వచ్చింది.

ఇంక మన దళిత సాహిత్యం. పరాయోళ్ళని తిట్టడం తేలిక గనక చివరికి దాచాను. మనం చెప్పు గురించి రాశాం, డప్పు గురించి రాశాం, గొడ్డు మాంసం గురించి తలెత్తుకుని రాశాం. స్ట్రెచర్ గురించి రాయలా. ఎందుకంటే అది గవర్నమెంటు ఆసుపత్రి పని. పల్లెలో అది పాలేరుతనం నుంచి బయటపడ్డ దారి. దాంట్లో కన్నీళ్ళున్నాయంటే పల్లె నవ్వుద్ది. పైగా సిగ్గు. పేపర్లో వార్డుబాయ్ కనపడితే లంచగొండిగానో తాగుబోతుగానో కనపడతాడు. పదిస్తేగానీ స్ట్రెచర్ కదల్లేదని వార్త. మా నాయన గూడా తీసుకున్నాడు. అయిదు, పది. ఆ డబ్బుల్తో నాకు నోటుబుక్కులొచ్చాయి. ఆయన కూలి నెలల తరబడి రాకపోయినా అది వార్త కాలేదు గానీ ఆయన చాపిన చెయ్యి వార్తయింది. అయినా తీసుకున్నాడనేది రాస్తున్నాను. దాచిపెట్టి రాస్తే మన తండ్రులు కాలెండర్లో బొమ్మలవుతారు.

బొమ్మలంటే గుర్తొచ్చింది. తొంభైల్లో అందరిలాగే నేనూ ఒక కవిత రాశాను. మా నాయన ఒక రథసారథి, ఆయన తోసేది మానవత్వపు రథం, ఇట్టా. సభలో చదివితే చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి ఆయనకి చదివి వినిపించాను. బీడీ ఆర్పేసి మొత్తం విన్నాడు.

"బాగుందిరా. మరి చక్రం సంగతి రాయలా?"

"ఏం చక్రం నాయనా?"

"ముందు ఎడమ చక్రం తిరగదు. బండి ఎప్పుడూ గోడకేసి లాగుద్ది. దాన్ని కుడి తొడతో ఆపుకుంటా తొయ్యాల. ఇదుగో." పంచె పైకి లాగి చూపించాడు. తొడ మీద నల్లగా కాయ కాసుంది.

నాకున్న విమర్శ కొలబద్ద ఆ రోజు నుంచి ఇదే. చక్రం ఉందా లేదా. ఆ కవిత నేను ఏ సంపుటిలోనూ వేయలేదు.

ఆయనకి తెలిసింది చాలా ఉంది. ర్యాంపు ఎక్కేటప్పుడు రోగి తల ముందుండాలి, దిగేటప్పుడు కాళ్ళు ముందుండాలి. అప్పుడే తల పైకుంటది, నెత్తురు తలకెక్కదు. కాళ్ళు ముందు పెట్టి దింపుతుంటే బంధువులు కొట్లాటకొచ్చేవాళ్ళు, శవాన్ని తీసుకుపోయినట్టు తీసుకుపోతన్నావని. వాళ్ళకి నచ్చజెప్పడం గూడా పనే. దుప్పటి నాలుగు మూలలు పట్టి నలుగురూ ఒక్కసారే ఎత్తాలి, ఎవడో ఒకడు లెక్క పలకాలి. కడుపు కోసిన బాలింత దగ్గర నవ్వించే మాట మాట్లాడకూడదు, కుట్లు లాగుతాయి. విరిగిన కాలైతే విరిగినోడి మొహం చూస్తా తొయ్యాలి, గతుకు వాడి మొహంలో ముందు కనపడుద్ది. దీన్ని నైపుణ్యం అని ఏ రికార్డూ అనదు. అన్‌స్కిల్డ్ అంటది. కులమంటే పని విభజన కాదు, పనివాళ్ళ విభజన అని అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. ఏది విద్యో ఏది విద్య కాదో తేల్చే విభజన గూడా అందులోనే ఉందని నాకు మా నాయన తొడ మీది కాయ చూశాకే అర్థమైంది.

1994లో జీవో 212 వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు నిండిన రోజుకూలీల్ని పర్మినెంటు చేస్తారన్నారు. మా ఇంట్లో ఆ నెంబరు బైబిలు వచనంలాగా నోటికొచ్చేది. మా నాయనకి అప్పటికి పదిహేనేళ్ళు నిండాయి. మస్టర్లో చూస్తే మధ్యమధ్య బ్రేకులు రాశారు, కొన్ని నెలలు ఇంకెవరి పేరో ఉంది. ఆయన తోసిన బండి ఎవరి పేరునో నడిచింది. కాలేదు. తర్వాత తర్వాత కాంట్రాక్టరొచ్చాడు, ఏజెన్సీ వచ్చింది, ఔట్‌సోర్సింగ్ వచ్చింది. మస్టరు పోయి వేలిముద్ర మిషనొచ్చింది. పల్లె మాత్రం మారలా, అదే పల్లె నుంచి మనుషులొస్తన్నారు. 2020 మార్చి 22న జనం పళ్ళాలు మోగించారు, మే 3న ఆసుపత్రుల మీద హెలికాప్టర్లతో పూలు చల్లారు. కన్నకొడుకులు దూరంగా నిలబడిపోయిన శవాల్ని జీతం రాని కుర్రాళ్ళు సంచుల్లో కట్టి మోశారు. అప్పుడు మళ్ళీ "నాయనా, బాబూ" వినపడింది.

మా నాయన అది చూడలేదు. 2011లో ఆయనకి పక్షవాతమొచ్చింది. ఆటోలోంచి దించి స్ట్రెచర్ మీద వేశాం. తోయడానికొచ్చిన కుర్రాడికి ఇరవయ్యేళ్ళుంటాయి. ఎక్కడబ్బాయ్ మీది అంటే వేమూరు దగ్గరని పల్లె పేరు చెప్పాడు, మూణ్ణెల్లుగా జీతం లేదని అడక్కుండానే చెప్పాడు. ర్యాంపు దగ్గరికొచ్చేసరికి బండి కాళ్ళ వైపు నుంచి ఎక్కిస్తన్నాడు. మా నాయనకి మాట సగం పడిపోయింది. ఎడం చెయ్యెత్తి గాల్లో గుండ్రంగా తిప్పతన్నాడు. ఆ కుర్రాడు దండం పెడతన్నాడనుకుని "ఏం కాదు పెద్దాయనా, భయపడబాక" అన్నాడు. నేను చెప్పాను, బండి తిప్పమంటన్నాడయ్యా, తల ముందుండాలంట. వాడు ఆగి, బండి వెనక్కి లాగి, తిప్పి, మళ్ళీ తొయ్యడం మొదలుపెట్టాడు.