పలుచని ఉక్కు: మంచి గ్రంథమును ఎన్నుకొనుట ఎట్లు?

పోస్టుకార్డును నిలువుగా నిలిపి పైనుండి వ్రేలితో నొక్కినచో వెంటనే వంగిపోవును. అదే కార్డు అంచులను మడిచి తొట్టివలె చేసినచో కొంత బరువు మోయును. షెడ్ల కప్పుల క్రింద కనిపించు పర్లిన్లు, గిడ్డంగులలోని అరల స్తంభములు అనేకము ఈ ఉపాయముతోనే తయారగుచున్నవి. ఉక్కురేకును కాచకుండ, చల్లగా నుండగనే యంత్రములలో మడుచుటచే దీనికి కోల్డ్‌ఫార్మ్‌డ్ ఉక్కు అని పేరు.

మడిచిన కార్డుపై బరువు పెంచుచు పోయినచో, అది పూర్తిగా కూలకముందే దాని చదునైన పక్కలు అలలవలె ముడుతపడును. ఇదియే స్థానిక బక్లింగు. దళసరి ఉక్కు దూలములకై వ్రాసిన సాధారణ పాఠ్యగ్రంథములకు దీనితో అంతగా పనిలేదు. కావున పలుచని ఉక్కుకు ప్రత్యేక గ్రంథము అవసరము.

ముడుతపడిన రేకులో నడిమి భాగము బరువును వదలి, అంచులదరి భాగము మోయును. ఆ మోయు భాగమునకు ప్రభావక వెడల్పు అని పేరు. 1932 లో ఫాన్ కార్మన్, ఆయన సహచరులు దీనికొక సూత్రము నిచ్చిరి. 1939 నుండి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున జార్జి వింటర్ ప్రయోగములు సాగించి ఆ సూత్రమును సవరించెను. ఆ కృషి ఆధారముగా 1946 లో అమెరికన్ ఐరన్ అండ్ స్టీల్ ఇన్‌స్టిట్యూట్ మొదటి నియమావళిని ప్రకటించెను.

మన దేశములో విద్యార్థికి మొదట ఎదురగునవి 1975 నాటి ఐ.ఎస్. 801 నియమావళి, దానికి తోడుగా 1980 లో వెలువడిన ఎస్.పి. 6 ఐదవ భాగము. ఈ రెండవ గ్రంథములోని సాధించిన లెక్కలు, పట్టికలు పనిచేయువారికి ఉపకరించును. అయితే నియమావళిలోని సూత్రము చూడుడు: అందు 2120 అను అంకె కలదు. ఉక్కు స్థితిస్థాపక గుణకము, 1.67 భద్రతా గుణకము ఈ ఒక్క అంకెలోనే ఇమిడి యున్నవి. ప్రతిబలమును చదరపు సెంటీమీటరునకు కిలోగ్రాముల బలములో వేసిననే అది చెల్లును.

ఇందలి ప్రమాదము ఒక లెక్కతో తెలియును. వెడల్పు 100 మి.మీ., మందము 1.6 మి.మీ. గల పక్కపై ప్రతిబలము 1250 అనుకొందము. సూత్రము ప్రకారము ప్రభావక వెడల్పు సుమారు 76 మి.మీ. మాత్రమే. అదే ప్రతిబలమును ఈనాటి అలవాటు ప్రకారము న్యూటన్లలోనికి మార్చి, చదరపు మిల్లీమీటరునకు 122.6 అని అదే సూత్రములో వేసినచో 100 మి.మీ. మొత్తము బరువు మోయునట్లు తేలును. అంకెలు తప్పు చెప్పవు. వాని పుట్టుక తెలియని చేయి తప్పు చేయును.

ఈ పుట్టుకను చక్కగా చెప్పునది వై-వెన్ యూ రచించిన ‘కోల్డ్‌ఫార్మ్‌డ్ స్టీల్ డిజైన్’. 1985 లో మొదటి కూర్పు, 2010 లో రోజర్ లాబూబ్‌తో కలిసి నాల్గవ కూర్పు వెలువడినవి. ముందు రేకు ప్రవర్తన, పిదప ప్రయోగము, తుదకు నియమము: ఇదీ దాని వరుస. లోపములు లేకపోలేదు. అది అమెరికా నియమావళిని వెన్నంటి నడచును. లెక్కలలో అంగుళములు, పౌనులు ఎక్కువ. తొలిసారి చదువువానికి ప్రయోగ వివరముల మధ్య దారి తప్పును. ఐరోపా పద్ధతి కావలసినవారికి 2012 లో వచ్చిన డుబినా, ఉంగురేయాను, లాండొల్ఫోల గ్రంథము తగినది.

కూర్పు సంవత్సరమును కూడ చూడవలెను. పక్కలను విడివిడిగా గాక మొత్తము ఆకారమును ఒక్కసారిగా లెక్కించు డైరెక్ట్ స్ట్రెంగ్త్ పద్ధతి 2004 లో అమెరికా నియమావళికి అనుబంధముగా చేరెను. అంతకు పూర్వపు కూర్పులో దానిని వెదకుట వ్యర్థము.

కావున పట్టికకై ఎస్.పి. 6, అవగాహనకై యూ గ్రంథము: రెండును బల్లపై ఉండవలసినవే. క్రొత్త గ్రంథ మేదైన చేతికి వచ్చినపుడు ప్రభావక వెడల్పు గల పుటను తెరచి మూడు ప్రశ్నలు వేయవచ్చును. ఈ అంకె ఎక్కడిది? ఏ కొలమానములోనిది? ఏ సంవత్సరపు నియమావళిది? ఈ మూడింటికి బదులు చెప్పు గ్రంథము, ఎంత పాతదైనను, చదువరిని మోసగింపదు.