ఇసుక ఉండాది, ఊరి మాట ఏదీ?

బెంగళూరులో ఉండే మా అక్క కూతురు “పిన్నీ, ఇది చదువు, రెండు దినాల్లో అయిపోతాది” అని చేతిలో పెట్టిన నవల ‘రెబెల్ ఆఫ్ ది సాండ్స్’. రెండు దినాలు కూడా పట్టలేదు. చదివేది అయిపోయింది గానీ దాంతో నా జగడం ఇంకా అయిపోలేదు. బాగుందని ఒప్పుకునేకి నోరు తెరుస్తా, అంతలో ఇంకో పేజీ గుర్తుకొచ్చి ఆగిపోతా. మొరసునాడు తెలుగు గురించీ, ఒరిస్సా పక్క తెలుగు గురించీ రాసుకునే ఈ తావులో ఇంగ్లీషు పిల్లల నవల ఏందని అడగొద్దండి. నా జగడమంతా మాటల గురించే.

రాసినామె ఆల్విన్ హామిల్టన్. కెనడాలో టొరంటోలో పుట్టి ఫ్రాన్సులో పెరిగింది. ఈ నవల 2016లో వచ్చింది. తర్వాత 2017లో ఒకటి, 2018లో ఒకటి వచ్చి మూడు భాగాలైంది. నేను మాట్లాడేది మొదటి భాగం గురించే. కత చెప్పకుండా దీని గురించి మాట్లాడేకి కాదు. చదవాలని ఉండేవాళ్లు ముందు అది చదివి తర్వాత ఇటు రండి.

మిరాజీ అని ఒక ఎడారి రాజ్యం. దాని కొసాన, లోకం మరిచిపోయిన తావున, డస్ట్‌వాక్ అనే ఊరు. ఊరికంతా ఒకటే బతుకుదెరువు, తుపాకులు చేసే కార్ఖానా. ఆ ఊరి పిల్ల అమానీ. మొగుణ్ని చంపిందని తల్లిని ఉరి తీసినారు. పిల్ల తల్లి తోబుట్టువు ఇంట్లో పెరగతా ఉండాది. తుపాకీ గురి తప్పదు. రాజధాని ఇజ్మాన్‌కి పారిపోయేకి డబ్బు కావాలని, మొగపిల్లోడి వేషం వేసుకుని పక్క ఊళ్లో గురి పందేనికి పోతాది. ఆడ జిన్ అనే పరదేశి పిల్లోడు తగులుకుంటాడు. (హీరో పేరు జిన్, కతలో తిరిగే మాయజీవాలు జిన్నులు. తెలుగులో రాసేటప్పుడు ఎంత తంటా చూడండి. మా తాత ఉంటే గుర్రం జీను కూడా కలిపి నవ్వుండేవాడు.) అక్కడ్నించి గుర్రాలు, రైలు, బిడారు, పిశాచాలు, తిరగబడిన రాజకుమారుడి శిబిరం. ఒక్కచోట కూడా కత నిలబడదు. ఊపిరి తీసుకునేకి విడవదు. ఈ పరుగు విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ముందు నచ్చింది చెప్తా. అమానీ నీలం కళ్ల పిల్ల. సగం దాటినాక తెలుస్తాది, ఆమె జిన్నుకి పుట్టిన బిడ్డ. నవల్లో అట్లాంటి బిడ్డల్ని డెమ్‌జీలంటారు. ఇసుకని మాట వినిపించే శక్తి ఆమెకి పుట్టుకతోనే ఉండాది. మరి పదహారేండ్లు తెలియకుండా ఎట్లా ఉండె? ఇనుము. ఈ కత లోకంలో ఇనుము తగిలితే మాయ పని చేయదు. ఆ ఊళ్లో గాలిలో ఇనుప ధూళి, తిండిలో ఇనుప ధూళి, నడుముకి ఎప్పుడూ తుపాకీ. ఏది తన బలమని పిల్ల అనుకునిందో, ఆ తుపాకీయే అసలు బలాన్ని అణిచిపెట్టింది. ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నా. ఇంత లెక్కగా కట్టిన మలుపు పిల్లల నవలల్లో నేను ఎక్కువ చూడలేదు. ఏ ఎడారి నుంచి పారిపోవాలని పిల్ల పేజీ పేజీకీ పళ్లు కొరుకుతాదో, ఆ ఎడారే ఆమె చేతిలో ఉండాది. సొంత ఊరి యాస దాచుకుని పట్నంలో బతికినోళ్లకి ఈ తావు సుళువుగా దాటేకి కాదు. అట్లని పక్కింటి తమిళం, కన్నడం ఇనుమని నేననను. మన తెలుగుకి వాటి నుంచి వచ్చింది చేటు కాదు, చేవ. ఇనుము ఇంకేదో. అది ఎవరికి వాళ్లకే తెలుసు.

ఇంకోటి. డెమ్‌జీలు అబద్ధం ఆడలేరు. ఇది తెలిసినాక మొదటికి పోయి చూస్తే, అమానీ అబద్ధం ఆడాల్సిన చోట్ల చాలావరకు మాట తిప్పతాది, సగం చెప్పి ఆపతాది, ఎదుటోణ్ని తిరిగి ప్రశ్న అడగతాది. రచయిత్రి ముందే కాపు కాసి రాసింది. ఆ జాగ్రత్తకి నా దండం.

ఇంగ జగడం.

అమానీ కతని తనే చెప్తాది. ఏ గొంతుతో చెప్తాది? అమెరికా పడమటి పక్క కౌబాయ్ సినిమాల గొంతుతో. ఊళ్ల పేర్లు కూడా అట్లాంటివే. డస్ట్‌వాక్, డెడ్‌షాట్. పేదోళ్ల ఊళ్లకి ఇంగ్లీషు అర్థం తెలిసే పేర్లు, సుల్తాను ఉండే పట్నానికేమో ఇజ్మాన్ అని అరబ్బీ వాసన కొట్టే పేరు. ఊరి పేర్ల మీద ఏండ్ల తరబడి కొట్లాడుకునే మనకి ఇది ఊరికే దాటిపోయే సంగతి కాదు కదా. ఊరికి పేరు పెట్టింది ఎవరు? ఏ నుడిలో? పట్నమోళ్లు పెట్టిందా, గనిలో పని చేసేటోళ్లు పెట్టుకున్నదా? ఒకే రాజ్యంలో రెండు రకాల పేర్లు ఉండేది తప్పు కాదు. మా పక్క ఒక్క బస్సు ఎక్కి దిగేలోపల మూడు నుడుల ఊరి పేర్లు వస్తాయి. అయితే మా పక్క ప్రతి పేరు వెనకా ఎవరు వచ్చినారు, ఎవరు పోయినారు అనే కత ఉంటాది. మిరాజీలో ఆ కత లేదు. కౌబాయ్ సినిమా ఒక పక్క, వెయ్యిన్నొక్క రాత్రులు ఒక పక్క పెట్టి కుట్టేసినారు. కుట్టు సన్నంగానే ఉండాది, ఒప్పుకుంటా. కానీ కుట్టే.

గల్లన్ అనే పరాయి సైన్యం మిరాజీలో దిగి ఉంటాది. సుల్తాను గద్దె ఎక్కింది వాళ్ల అండతో. డస్ట్‌వాక్ కార్ఖానాలో చేసే తుపాకులు వాళ్లకే. ఇన్నేండ్లు పరాయి దండు మధ్య బతికినోళ్ల నోట్లో ఒక్క గల్లన్ తిట్టైనా చేరాల్సింది. నాకైతే తగల్లేదు. దండు వచ్చి పోయినాక మిగిలేది మాటలే. మనం ‘జాస్తి’ అంటాం. సంతలో ధర జాస్తి, కూరలో ఉప్పు జాస్తి. ఆ మాట పుట్టింది అరబ్బీలో. పారసీ, దక్కనీ ఉర్దూ మీదుగా నడిచి కన్నడానికీ, తమిళానికీ, మనకీ చేరింది. బాకీ, వసూలు, హాజరు, జవాబు, రద్దు, కబురు, తాలూకా, జిల్లా... అన్నీ ఆ దోవ వచ్చినవే. అరబ్బు ఎడారి ఎట్లా ఉంటాదో కంటితో చూడని మా అవ్వ దినానికి పదిసార్లు ఎడారి మాట పలికేది.

ఇట్లా లెక్క వేస్తే నాకొకటి తట్టింది. బతుకు దోవన వచ్చిన అరబ్బీ మాటలు మనకి ఏమిచ్చినాయి? అప్పు కాయితం, పన్ను, కచేరీ, కబురు. ఈ నవలకి కతల దోవన వచ్చిన మాటలు ఏమిచ్చినాయి? సుల్తాను, జిన్ను, అంతఃపురం. తలకి చుట్టుకునే గుడ్డకి ఒక మాట, షీమా. తొడుక్కునేదానికి ఒకటి, ఖలత్. నవాబుల కాలంలో బహుమానంగా ఇచ్చే దుస్తుల్ని ఖిల్లతు అనేవాళ్లే, దానికి చుట్టమే ఇదీ. ఈ మాటల్ని వెనక పట్టికలో కాకుండా కతలోనే చుట్టి, తొడిగి చూపించింది, బాగుంది. కానీ డస్ట్‌వాక్ ఆడవాళ్లు బాయికాడ ఏమని పిలుచుకుంటారు? ఇసుకలో ఎన్ని రకాలుంటే ఎన్ని పేర్లు పెట్టుకున్నారు? మాకు ఎర్రమన్ను, గరుగు, సవుడు అని నేలకే ఇన్ని పేర్లుంటే, పొద్దు పొడిచినప్పటి నుంచి ఇసుకలో బతికే పిల్లకి ఇసుక ఉట్టి ఇసుకేనా?

వరసల దగ్గర ఇంకా కష్టం. అమానీని పెండ్లాడాలని చూసేది అంకుల్. ఇంగ్లీషులో ఒకే మాట. మా పక్క చదివే పిల్ల ‘అంకుల్’ అనంగానే మేనమామ అనుకుంటే? మేనమామతో పెండ్లి మాకు కొత్త కాదు, ఇప్పటికీ యాడో ఒకచోట జరగతానే ఉండాది. కానీ ఈ అంకుల్ తల్లి తోబుట్టువు మొగుడు. మన వరసలో పెద్దనాన్నో చిన్నాన్నో అవుతాడు. అంటే తండ్రి. ఆ ఒక్క మాట తెలుగులో పెట్టి చదివితే పిల్ల ఎందుకు రాత్రికి రాత్రి ఊరు విడిచిందో ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు. ఇంగ్లీషులో అది వట్టి ముసలోడి కోరిక మాదిరి కనపడతాది. ఇది రచయిత్రి తప్పని అననులే, ఆమె నుడిలో ఉండే కొరత. అయినా ఒక కొత్త లోకాన్నే కట్టినామె, దానికి నాలుగు వరసలు కట్టలేదా అని మనసు గునుస్తాది.

దేవుడి సంగతి. బురాఖీ అని నవల్లో ఇసుక, గాలి కలిసి పుట్టిన గుర్రం ఉండాది. దాన్ని ఇనుముతో లొంగదీసి ఎక్కతారు, అమ్ముకుంటారు. ప్రవక్త రాత్రి ప్రయాణంలో ఎక్కిన వాహనం పేరు బురాఖ్. అది మన తురక ఇరుగుపొరుగుకి భక్తితో పలికే పేరు. అట్లాంటి పేరుని సంతగుర్రానికి పెట్టి, పక్కనే పూజారికి మాత్రం ‘హోలీ ఫాదర్’ అని చర్చి మాట పెట్టింది. అందమైన పేర్లు ఒక మతం నుంచి, మనుషుల అలవాట్లు ఇంకో మతం నుంచి. తప్పు పట్టాలంటే నేను పట్టేది ఇక్కడే. మా అక్క కూతురితో అంటే, “అది వేరే లోకం కదా పిన్నీ, అరేబియా అని యాడ రాసింది?” అనింది. నిజమే, యాడా రాయలేదు. రాయకుండానే మనం అరేబియా అనుకునేటట్లు రాసింది.

యాస సంగతి ఒకటి మిగిలింది. అమానీ కడగొట్టు జిల్లా పిల్ల. రాజకుమారుడి శిబిరంలో సేనాపతి కూతురు షజాద్ ఉండాది, పట్నంలో పెరిగినోళ్లు ఉండారు. వాళ్ల మధ్య అమానీ తన తుపాకీ గురించి, కళ్ల రంగు గురించి, శక్తి గురించి దిగులు పడతాది. నోరు తెరిచేకి దిగులు పడేది మాత్రం కనపడదు. యాస గురించి అక్కడక్కడ మాట వచ్చినా కతలో దానికి పనేమీ లేదు. నేను తిరుపతికి చదువుకి పోయిన కొత్తలో “పొయ్యేకి, వచ్చేకి” అంటే పక్క బెంచీ వాళ్లు “నువ్వు తమిళపిల్లవా?” అని అడిగేవాళ్లు. ఆ ‘కి’లో కన్నడం ‘హోగోకె’ పోలిక ఉండాదని వాళ్లకి చెప్పేకి నాకు అప్పుడు తెలియదు. ఒక ఏడాది క్లాసులో నోరు ఎక్కువ తెరవలేదు. తిరుగుబాటు చేసేటోళ్లు కూడా ముందు ఒకళ్ల మాట ఒకళ్లు విని నవ్వుకునే ఉంటారు. ఆ నవ్వు నవల్లో ఉండుంటే నేను దీన్ని పది మందికి పంచిపెట్టేదాన్ని.

ఒకసారి సరదాకి అమానీ మాటని మా తెలుగులో అనుకుని చూసినా. నవల్లో మాట కాదు, నేను కట్టిందే. “యాడికైనా పోతా. ఈ ఇనుప దుమ్ములో మాత్రం పండుకోను.” ఇంత చాలు, పిల్ల ఎదురుగా నిలబడింది. కౌబాయ్ గొంతు పోయింది, కోపం మిగిలింది. ఆ కోపం హామిల్టన్‌దే, నాది కాదు. మంచి నవలకి ఇదో గురుతు అనుకుంటా, యాస మార్చినా పిల్ల చెదిరిపోలేదు. పనసకాయ మాదిరి, పైన గరుకు నాకు నచ్చకపోయినా లోపల తొనలు ఉండాయి.

తమీద్ గురించి చెప్పకుండా ఆపేకి మనసు రాదు. డస్ట్‌వాక్‌లో అమానీకి ఉండే ఒకే స్నేహితుడు, కాలు సరిగా లేని పిల్లోడు. సుల్తాను మనుషులు ఆమె కోసం వచ్చి ఆ కాలి మీదే తుపాకీ పేలుస్తారు. ఆమె గుర్రం ఎక్కి జిన్‌తో వెళ్లిపోతాది. తర్వాత తలుచుకుంటాది, కుములుతాది, కానీ కత ఆగదు, ముందుకి పరుగెత్తతాది. ఊరు విడిచినోళ్ల కత రాసేవాళ్లు శానామంది. ఆ ఊళ్లో మిగిలిపోయినోడు ఏ మాట మాట్లాడతాడో రాసేవాళ్లు తక్కువ. ఈ నవల మొత్తంలో నాకు డస్ట్‌వాక్ గొంతు వినపడింది తమీద్ ఉండే ఆ కొన్ని పేజీల్లోనే. రెండో భాగంలో తమీద్ మళ్లీ వస్తాడు, కోపంగా. ఆ పుస్తకం కూడా ఇప్పుడు నా దగ్గరే ఉండాది, మా అక్క కూతురు పోయిన ఆదివారం ఇచ్చిపోయింది.