విచారం, విచారణ: మనోవైజ్ఞానిక నవలలో సాధనకూ చికిత్సకూ మధ్య

తెలుగువాడి నోట 'విచారం' అంటే దుఃఖం. అదే మాట సంస్కృత సంప్రదాయంలో తత్త్వశోధన. రమణ మహర్షి 'నేనెవరు?' బోధను తెలుగులో ఆత్మవిచారమని వ్యవహరించినప్పుడు ఈ రెండర్థాలూ ఒకే మాటలో చేరాయి. 'చింతన', 'చింత' అన్న జంటదీ ఇదే కథ. భాషలోని ఈ జమిలితనం తెలుగు మనోవైజ్ఞానిక నవలా విమర్శలో ఒక పొరపాటుగా స్థిరపడిందన్నది ఈ వ్యాస ప్రతిపాదన. విచారంలో మునిగిన పాత్రను విమర్శ విచారణ చేస్తున్న పాత్రగా చదివింది. ఫలితంగా రోగలక్షణం తత్త్వజిజ్ఞాసగా గౌరవం పొందింది, దానికి చికిత్స ఉంటుందన్న ఆలోచన విమర్శలోకి రాలేదు.

త్రిపురనేని గోపీచంద్ (1910–1962) 'అసమర్థుని జీవయాత్ర' ఇందుకు ముఖ్య నిదర్శనం. 'ఎందుకు?' అని అడగటం నేర్పిన తండ్రికి రచయిత ఆ నవలను అంకితమిచ్చాడు. హేతువాది రామస్వామి చౌదరికి ఆ ప్రశ్న ఆయుధం. నవలలోని సీతారామారావుకు అది ఊబి. వంశప్రతిష్ఠ నిలబెట్టాలన్న తండ్రి కోరిక, కరిగిపోయిన ఆస్తి, లోకం తనను చూసి నవ్వుతోందన్న అనుమానం, భార్య మీద చేయిచేసుకోవడం, చివరికి శ్మశానం: ఈ క్రమాన్ని విమర్శకులు భావవాద పతనంగానో, పనిలేని మేధావి పరాజయంగానో వ్యాఖ్యానించారు. ఈ వ్యాఖ్యానాలను తోసిపుచ్చనక్కరలేదు. అయితే సీతారామారావు ప్రశ్నలు నడిచే తీరును ఇవి పట్టించుకోలేదు. అతని ప్రశ్న ఎక్కడా తేలదు. ఒక ప్రశ్న ఇంకో ప్రశ్నను కంటుంది, అది మొదటిదాని దగ్గరికే తిరిగి వస్తుంది. గానుగెద్దు నడక వంటి ఈ పునరావృత చింతనను నేటి మనోవైద్యం కుంగుబాటు లక్షణాల్లో ఒకటిగా గుర్తిస్తుంది.

ఆత్మవిచారం నడక వేరు. రమణుల పద్ధతిలో ఏ ఆలోచన లేచినా 'ఇది ఎవరికి?' అని వెనుదిరగాలి. ప్రశ్న అడిగినవాడి మీదికే మళ్ళుతుంది, ఆలోచనల గొలుసు అక్కడ తెగుతుంది. సీతారామారావు ప్రశ్న లోకం మీదికి వెళ్ళి గాయంతో తిరిగి వస్తుంది, గొలుసు పొడుగవుతుంది. పైకి రెండూ 'ఎందుకు', 'ఎవరు' అన్న ప్రశ్నలే. ఆ ప్రశ్న మనిషిని నిద్రకూ, అన్నానికీ, ఇంటివాళ్ళకూ దగ్గర చేస్తోందా, దూరం చేస్తోందా అన్నది చూస్తే తేడా బయటపడుతుంది. నవలలో ఈ ఆధారాలన్నీ ఉన్నాయి. వాటిని ఏరి చూపాల్సిన పని విమర్శకుడిది. రామయ్య తాత మాటల్లో వివేకం ఉంది, కానీ అది సీతారామారావు చేతికి ఉపకరణంగా అందదు. ఉపదేశం నిజమైనంత మాత్రాన మందు కాదని నవల చెప్పకనే చెబుతుంది.

గోపీచంద్ రాడికల్ హ్యూమనిజం నుంచి అరవింద దర్శనానికి చేరడాన్ని సాహిత్య చరిత్రకారులు వికాసక్రమంగా చెబుతారు. 1963లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా'ను ఆ క్రమంలో శిఖరంగా చూపుతారు. దీని ప్రకారం అసమర్థుడి ప్రశ్నకు అరవిందుడు జవాబు. ఈ అన్వయం అనుకూలమైనదే గాని సరైనది కాదు. అరవిందులు సాధకులకు రాసిన లేఖల్లో ఫ్రాయిడ్ మార్గాన్ని గట్టిగా విమర్శించారు. పైనుంచి వెలుగు రాకముందే అవచేతన అడుగును తవ్వితే ఆ బురద మనిషిని కమ్ముతుందన్నది ఆయన హెచ్చరిక సారాంశం. దీన్ని చికిత్సా నిరాకరణగా చదివేవారున్నారు. జాగ్రత్తగా చూస్తే ఇది అనుక్రమానికి సంబంధించిన అభ్యంతరం: ముందు ఏది, తర్వాత ఏది అన్న ప్రశ్న. తోడు లేకుండా లోపలికి దిగినవాడు ఏమవుతాడో గోపీచంద్ అసమర్థుడి కథలో అప్పటికే చూపించాడు. కాబట్టి ఈ రెండు దశల మధ్య విమర్శకులు చెప్పేంత దూరం లేదు. ఒకే అనుమానం రెండు పరిభాషల్లో కనిపిస్తుంది.

ఈ సందర్భంలో మనోవైద్యుడు, పంజాబీ కవి జస్వంత్ సింగ్ నేకీ 1973లో గురుశిష్య సంబంధాన్ని చికిత్సా నమూనాగా పరిశీలిస్తూ రాసిన వ్యాసం గమనార్హం. పాశ్చాత్య చికిత్సలో రోగి స్వతంత్రుడు కావడం లక్ష్యమైతే, భారతీయ సమాజంలో ఆధారపడటమే తప్పు కాదని గుర్తించే సంబంధం కావాలని ఆయన వాదన. తెలుగు నవలకు దీన్ని అన్వయిస్తే ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన మనోవైజ్ఞానిక నవలల్లో మనసుకు వైద్యం చేసేవాడు లేడు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి స్వయంగా డాక్టరు. ఊరి రోగాలను చూసే ఆ చేయి, తల్లి మీది అపవాదు తన లోపల చేసిన గాయాన్ని తాకలేకపోతుంది. ఆ గాయానికి ఒక వైద్యుడు ఉండవచ్చునని అతనికి తోచదు. ఇది బుచ్చిబాబు లోపం కాదు, ఆ కాలపు వాస్తవం. 1922లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించినా, మన నవలకు ఫ్రాయిడ్ గ్రంథంగానే వచ్చాడు, వైద్యుడిగా రాలేదు.

రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' ఈ చర్చను మరో దారి పట్టిస్తుంది. సుబ్బయ్యకు బావమరిది అంటే భయం, ఆఫీసులో పైవాడంటే భయం, కంట్రాక్టరు గవరయ్య అంటే భయం. ఆ భయాన్ని న్యూనతాభావమని వర్గీకరించి తృప్తి పడటం తేలిక. విశాఖ కోర్టుల్లో అప్పులూ బెదిరింపులూ చూసిన న్యాయవాది రావిశాస్త్రి దాన్ని అప్పుతో ముడిపెట్టాడు. బాకీ ఉన్నవాడి భయం ధ్యానంతో గాని, మాత్రలతో గాని పూర్తిగా పోదు. సాధన, చికిత్స అన్న జంటకు ఈ నవల మూడో పదాన్ని చేరుస్తుంది: బతుకుతెరువు.

సుబ్బయ్య కాలానికి విశాఖ అంటే రేవు, కచేరీలు. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారంతో నగరం దక్షిణానికి పెరిగింది, దాని గుమ్మంలో కూర్మన్నపాలెం కూడలి ఉంది. ప్రైవేటీకరణ ప్రకటన తర్వాత 2021 నుంచి ఉక్కు కార్మికుల దీక్షా శిబిరం నడిచిందీ ఆ కూడలిలోనే. 'దీక్ష' అన్న మాట అక్కడ రెండు రకాలుగా వినబడుతుంది: నిరాహార దీక్ష ఒకటి, కార్తికంలో నల్లబట్టలతో కనిపించే అయ్యప్ప దీక్ష మరొకటి. నలభై ఒక్క రోజుల మండల దీక్ష ఎందరికో మద్యం మానిన కాలం కూడా. దాని విలువను తక్కువ చేయరాదు: నియమం, చన్నీటి స్నానం, 'స్వామీ' అని పిలిచే సమూహం, ఇంట్లో దక్కే మర్యాద ఒక్కసారిగా సమకూరుతాయి. అయితే ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగినవాడు హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆ మొదటి వారంలో మాల మెడలో ఉన్నవాడికి డాక్టరు కూడా ఉండాలి. రాత్రి షిఫ్టు దిగివచ్చినవాడికి బ్రాహ్మీముహూర్త ధ్యానం నిర్దేశించేవారూ ఇలాంటి విషయమే గమనించాలి. ఉన్మాద కుంగుబాటు రుగ్మత ఉన్నవాడిలో నిద్రలేమి జబ్బును తిరగదోడగలదు. గోయంకా సంప్రదాయపు విపశ్యన కేంద్రాలు పదిరోజుల శిబిరానికి ముందు దరఖాస్తులోనే మానసిక రోగ చరిత్రను అడుగుతాయి. సాధనా సంస్థే తన హద్దును గుర్తించిన ఉదాహరణ ఇది.

మనోవైద్యం వైపు పొరపాట్లూ తక్కువ కావు. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పిన నగరమిది. ధ్యానాన్ని పరిశోధన వస్తువుగా తీసుకున్న ఆ సంప్రదాయం చినవాల్తేరు మానసిక వైద్యశాల గుమ్మం దాకా ఎంతవరకు చేరిందన్నది అడగవలసిన ప్రశ్న. జపం చేస్తానన్న రోగిని మూఢుడిగా చూసే వైద్యుడు, మాత్ర వేసుకుంటానన్న శిష్యుణ్ణి అవిశ్వాసిగా చూసే గురువు చేసేది ఒకే పని: ఎదుటివాడి నోరు మూయించడం. 1984లో జాన్ వెల్‌వుడ్ లోపలి గాయాలను తప్పించుకోవడానికి ఆధ్యాత్మికతను అడ్డదారిగా వాడటానికి ఒక పేరు పెట్టాడు. తెలుగు పాఠకుడికి ఆ పేరు అక్కర్లేదు, చలం ఉన్నాడు. 1950లో అరుణాచలం చేరిన చలాన్ని అలసిన తిరుగుబాటుదారుడిగానో, తరించిన భక్తుడిగానో చూపినవారు, అక్కడినుంచి రాసిన ఉత్తరాల్లోని తెగని సందేహాలను పక్కన పెట్టారు. సందేహాన్ని దాచకపోవడమే ఆయన సాధనను తప్పించుకోవడం కాకుండా కాపాడింది.

మళ్ళీ గోపీచంద్ దగ్గరికి వస్తే, ఎం.ఏ. తరగతుల్లో 'అసమర్థుని జీవయాత్ర' చివరి ఘట్టాన్ని అస్తిత్వవాద దృశ్యంగా బోధించే అలవాటు ఉంది. ఆ తరగతిలో సీతారామారావు వంటి విద్యార్థి ఒకరు కూర్చుని ఉండవచ్చునన్న ఊహ పాఠ్య బోధనలో కనబడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి, శిక్షించక సంరక్షించాలంటుంది. చట్టం తన పరిభాష మార్చుకుంది. విమర్శ మాత్రం శీర్షికలోని 'అసమర్థుడు' అన్న మాటను తీర్పుగానే అందుకుంటూ వస్తోంది. నవల మొత్తంలో సీతారామారావును ఆ మాటతో చూస్తున్నది ఎవరు? కథకుడా, ఊరా, లేక తనను తాను చూసుకుంటున్న అతడేనా? మూడోది అయితే ఆ శీర్షికే అతని జబ్బుకు మొదటి లక్షణం.