ఉన్న చూపు నిలబెట్టే మంట

మా నందిగామ, జగ్గయ్యపేట వైపు కంటి వైద్యమంటే శుక్లాల ఆపరేషనే. కట్టు విప్పగానే మనవడి మొహం తేటగా కనిపిస్తుంది, డాక్టరుగారి పేరు ఊరంతా మోగుతుంది. కంటి వెనక పొర రెటీనా చిరిగితే వేసే లేజర్‌కి ఆ భాగ్యం లేదు. వేయించుకున్నాక చూపు ఇసుమంతైనా పెరగదు. "మరి డబ్బులెందుకు తగలేశావురా?" అని మా మేనత్త నిలదీసింది. "ఉన్నది పోకుండా అత్తా" అంటే ఆవిడకి ఆనలేదు.

నాకు మెరుపులతో మొదలైంది. చీకట్లో కంటి చివర తళుక్కుమనేది. పగలు నల్లటి నలుసులు తేలేవి. నొప్పి లేదు, ఎరుపు లేదు. మిరప కోతల హడావిడిలో ఉన్నవాళ్లయితే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. లోపల జరిగేది వేరు. వయసు మీద పడ్డాక కంటిలోని జిగురు కుంచించుకుని రెటీనాను వదిలేస్తుంది. ఎక్కడైనా గట్టిగా అంటుకుని ఉంటే, ఆ లాగుడుకి పొర చిరుగుతుంది. చిరుగులోంచి నీరు వెనక్కి దిగితే పొరే ఊడొస్తుంది. సాగర్ ఎడమ కాలువ గట్టుకి బుంగ పడితే ఏమవుతుందో మనకొకరు చెప్పాలా!

బెజవాడలో చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక మిషను ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఆనించి, కంటి మీద జెల్ పూసిన అద్దం పెట్టారు. "కదలకండి, ఎడమ పక్కకి చూడండి" అంటూ డాక్టరమ్మ కాలితో పెడల్ నొక్కేవారు. నొక్కినప్పుడల్లా పచ్చటి మెరుపు, అక్కడక్కడ చురుక్కు. కాల్చేది చిరుగుని కాదు, దాని చుట్టూ రెండు మూడు వరసల్లో. కాలినచోట మచ్చకట్టి పొర వెనక గోడకి అతుక్కుంటుంది. ఆ పట్టు గట్టిపడటానికి రెండు వారాల దాకా పడుతుంది.

ఈ విద్యకి మూలం గ్రహణం. 1945లో సూర్యగ్రహణం చూసి రెటీనా కాల్చుకున్న కంటిని పరీక్షించిన జర్మన్ డాక్టర్ గెర్డ్ మేయర్ ష్విక్కెరాత్‌కి, ఆ మంటనే మందు చేయొచ్చని తట్టింది. మొదట్లో అద్దాలతో ఎండనే కంట్లోకి మళ్లించాడు. 1960లో లేజర్ పుట్టాక ఆ మంట చెప్పినచోటే పడటం నేర్చింది.

పొర ఊడిపోయాక లేజర్ ఒక్కటే సరిపోదు, పెద్ద ఆపరేషన్‌కి వెళ్లాలి. బెజవాడ పక్కనే తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి 2011 నుంచీ ఉంది. జగ్గయ్యపేట నుంచి బెజవాడ ఎంత దూరమని? అడ్డు రోడ్డు కాదు, చూపు బాగానే ఉండగా బస్సెక్కడానికి మనసొప్పకపోవడం. దూరం కనపడక మైనస్ అద్దాలు పెట్టుకునేవాళ్లకి, శుక్లాలు తీయించుకున్నవాళ్లకి, కంటికి దెబ్బ తగిలినవాళ్లకి రెటీనా చిరిగే ముప్పు ఎక్కువ. కొత్తగా మెరుపులొచ్చినా, నలుసులు ముసిరినా, పక్క నుంచి నీడ కమ్ముకొచ్చినా, బాగానే కనిపిస్తోంది కదా అనుకోకుండా ఆరోజే బయల్దేరండి.