రోగి పలుకు లేని సేవావిచారము

రోగిసేవ ఎట్లున్నదో తెలిసికొనుటకు మందులు వేళకు అందినవా, పుండ్లు మానినవా యని లెక్కించుట ఒక మార్గము. నర్సులతో తీరికగా సంభాషించి, వార్డులలో వారి పనిని కనిపెట్టి, మాటల వెనుకనున్న భావమును గ్రహించుట వేరొక మార్గము. దీనినే గుణాత్మక పరిశోధన యందురు. 1960లో ఇసబెల్ మెంజీస్ ప్రకటించిన వ్యాసము ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము.

విద్యార్థినులైన నర్సులను వార్డులకు పంచుటలో కలిగిన చిక్కును తీర్చుటకై లండనులోని ఒక బోధనాసుపత్రి టావిస్టాక్ సంస్థ సాయమును కోరెను. మానసిక విశ్లేషకురాలైన మెంజీస్ ఆ చిక్కుతోనే ఆగలేదు. సుమారు డెబ్బదిమంది నర్సులతో, ఒక్కొక్కరితోను చిన్న గుంపులతోను, మాటలాడగా బయటపడినది ఆందోళన. వ్యాధిని, మరణమును నిత్యము ఎదుర్కొను ఆ యువతుల భయమును అణచుటకే ఆసుపత్రి పనితీరు ఏర్పడినదని ఆమె వాదించెను. ఒక నర్సు ఒక రోగిని పూర్తిగా కనిపెట్టుకొనియుండుటకు మారుగా, పలువురు రోగులకు ఒకే పనిని చేయుచుండెను. రోగిని పేరుతో గాక పడకసంఖ్యతోనో, జబ్బుపడిన అవయవముతోనో పేర్కొనుచుండిరి. చిన్న నిర్ణయము సైతము పైవారి మీదికి నెట్టబడుచుండెను. పట్టికలలో ఇదంతయు క్రమశిక్షణగానే కనబడును! కాని ఆ ఏర్పాటు భయమును తీర్చలేదు సరికదా, పనిలోని తృప్తిని హరించినది. శిక్షణకు చేరినవారిలో మూడవవంతు మంది నడుమనే విడిచిపోవుచుండిరి. ఏ లెక్కయు చెప్పలేని కారణమును సంభాషణ చెప్పినది. ఈ వ్యాసము ఘనత అదియే.

అయితే ఆమె తెలిపిన పద్ధతులలో నర్సులతోను, వైద్యులతోను, ఇతర సిబ్బందితోను సంభాషణలు కలవు, వార్డుల పరిశీలనము కలదు. రోగులతో ముఖాముఖి కానరాదు. పడకసంఖ్యగా మారినవానికి ఎట్లుండెనో ఆతడే చెప్పవలెను గదా! ఆమె ప్రశ్న సిబ్బందిని గూర్చినదే కావున ఇది దోషము కాదనవచ్చును. కాని ఆ వ్యాసమునే సేవాగుణమునకు ప్రమాణముగా గైకొనువారి యెడ ఇది దోషమే.

రోగిని అడుగవలెనన్నచో, ఏ భాషలో? హోసూరులోనో బరంపురములోనో ఇంట తెలుగు మాటలాడు వృద్ధురాలు ఆసుపత్రిలో తమిళముననో ఒడియాలోనో బదులు చెప్పవలసివచ్చును. సలుపు, పోటు, మంట, గుంజుడు—ఇవి వేరువేరు బాధలు. పరభాషలో అన్నియు 'నొప్పి'యై వ్రాతకెక్కినచో, నర్సు ఏ మొరను విన్నదో, ఏ మొరను విననిదో పరిశోధకునకు తెలియుటెట్లు? ఆమె పలికిన తెలుగుమాటను ముందుగా ఉన్నదున్నట్లు వ్రాసికొని, అనువాదమును దాని ప్రక్కన చేర్చవలెను.