చూర్ణం కన్నా ముందు విచారణ

చెరకు వేసిన ఏ రైతునైనా అడగండి, తుంగంత మొండి కలుపు ఇంకోటి లేదంటాడు. పైన పీకితే కింద గడ్డ మిగులుతుంది, మళ్లీ మొలుస్తుంది. ఆ గడ్డలే ఆయుర్వేదంలో తుంగముస్తలు. కడుపునొప్పితో, ఒకనాడు విరేచనాలు, ఇంకోనాడు మలబద్ధకంతో నలిగేవాళ్లకు వైద్యులు వాడే మూలికల్లో అవీ ఒకటి. మందు మన చేలోనే ఉందంటే నాకూ సంతోషమే. ఆ సంతోషంలో అసలు వైద్యాన్ని మరుస్తున్నామనే నా బెంగ.

డాక్టర్లు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే ఈ కడుపు బాధను ఆయుర్వేద వైద్యులు ఎక్కువగా గ్రహణి కింద చూస్తారు. చరక సంహిత చికిత్సాస్థానంలో 15వ అధ్యాయం గ్రహణిదే. అందులో మూలికలతో పాటు సల్లకూ పెద్దపీట వేశారు. మంచి వైద్యుడు చీటీ రాసేముందు ఏం తింటున్నావు, ఏ వేళకు తింటున్నావు, నిద్ర పడుతోందా, మనసులో దిగులేమైనా ఉందా అని అడుగుతాడు. విరేచనాలు ఎక్కువైతే కొడిసెపాల బెరడు, లేత మారేడు కాయ గుజ్జు ఇస్తాడు. అదే మారేడు బాగా పండితే విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. అందుకే పక్కింటాయనకు కుదిరిన చూర్ణం మనకు కుదరకపోవచ్చు.

1989లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో 169 మంది ఐబీఎస్ రోగులపై జరిగిన పరిశీలన వచ్చింది. మారేడు, బ్రాహ్మి కలిపిన మందు ఆరు వారాల్లో సుమారు 65 శాతం మందికి గుణమిచ్చింది. అల్లోపతి మందులు 78 శాతం మందికి, మందు లేని ఉత్తుత్తి మాత్ర 33 శాతం మందికి పనిచేశాయి. విరేచనాల బాధ ముఖ్యంగా ఉన్నవాళ్లకు మూలికలు బాగా పనికొచ్చాయి. అయితే ఆరు నెలలు దాటాక చూస్తే, జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో ఈ రెండు వైద్యాల్లో ఏదీ ఉత్తుత్తి మాత్రను మించలేదు. కాబట్టి సీసా ఖాళీ అయ్యాక కూడా తిండి, నిద్ర, మనసు సంగతి మనమే చూసుకోవాలన్నది నా నమ్మకం.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. మలంలో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గినా, రక్తహీనత వచ్చినా, నిద్రలోంచి లేపే విరేచనాలైనా చూర్ణాలతో కాలం గడపకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అంతా సవ్యమని తేలాక, చదువుకున్న ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి నిశ్చింతగా పోండి. పేరూ, తయారీ వివరాలూ లేని పొట్లం మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి.